రైట్ కొట్టేదాకా

నేను ఒక కొండ సైకిల్‌ని. ఈ మాట చెప్పగానే సగం మంది నా వెనక్కి చూస్తారు, క్యారియర్ ఏదని. మిగతా సగం కిందికి చూస్తారు, స్టాండు ఏదని. నాకు క్యారియర్ లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డులు లేవు, చివరికి గంట కూడా లేదు. ఉన్నవల్లా మూడువేళ్ళ వెడల్పు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగుల ఫోర్కు, ఇరవై ఒక్క గేర్లు, గట్టి డిస్క్ బ్రేకులు. ఇవన్నీ దేనికంటే కొండ ఎక్కడానికి. ఆ ఒక్క సంగతి నాకు పుట్టుకతోనే తెలుసు. ఆ తరువాత మనుషుల చేతుల్లో పడ్డాను. అప్పటినుంచి తెలిసింది తక్కువ, తికమక పడింది ఎక్కువ.

నేను పుట్టింది లూధియానాలో, ఒక పొడుగాటి రేకుల షెడ్డులో. నా గొట్టాలు అతికినవాడి ముఖం చూడలేదు, వాడికి ఇనప ముసుగు ఉండేది. చక్రాలు సరిచూసిన ముసలాయన మాత్రం గుర్తున్నాడు. నన్ను తలకిందులుగా నిలబెట్టి, వెనక చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టి విని, "ఠీక్ హై" అన్నాడు. నా గురించి ఒక మనిషి అంత తేలిగ్గా ఒక నిర్ణయానికి రావడం అదే మొదలు, అదే ఆఖరు. తరువాత నా హ్యాండిల్ ఊడదీసి, పెడళ్ళు ఊడదీసి, అట్టపెట్టెలో పెట్టి హైదరాబాదు పంపారు.

అక్కడ నన్ను కొన్నవాడి పేరు శ్రీకర్. కంప్యూటర్ ఉద్యోగం. నాతోపాటు హెల్మెట్టు, చేతితొడుగులు, నల్లకళ్ళద్దాలు, కూర్చునే చోట స్పాంజి కుట్టిన నిక్కరు కూడా కొన్నాడు. మొదటి ఆదివారం ఇరవై కిలోమీటర్లు తొక్కాడు. రెండో ఆదివారం పన్నెండు. మూడో ఆదివారం ఇడ్లీ బండి దాకా. నాలుగో ఆదివారం వాన పడింది. అయిదో ఆదివారం వాన పడలేదు గానీ పడేలా ఉంది. ఆరంభశూరత్వం అనే మాట అప్పటికి నాకు తెలియదు, తరువాత ఎవరో అంటే విని ఇదే కాబోలు అనుకున్నాను. కొండ ఎక్కడానికి పుట్టిన నేను పద్నాలుగో అంతస్తు ఎక్కాను, అదీ లిఫ్టులో. అక్కడ బాల్కనీలో రెండేళ్ళు నా మీద తువాళ్ళు ఆరేశారు. చుట్టాలొస్తే శ్రీకర్ నన్ను చూపించి, "రేసులకు ప్రిపేరవుతున్నా" అనేవాడు. నేను ఆ మాట నమ్మాను. తువాళ్ళు మోయడం కూడా అందులో భాగమేమో అనుకున్నాను.

ఒకరోజు నన్ను కొనడానికి ఒక మనిషి రెండు బస్సులు మారి వచ్చాడు. నలభై ఆరేళ్ళుంటాయి, బొజ్జ ఉంది, మీసం ఉంది. నా టైరును బూటుకాలితో ఒకసారి తన్ని చూశాడు. తరువాత వంగి నా కిందికి చూశాడు, ఆయిల్ కారుతోందేమో అని. శ్రీకర్ నవ్వు ఆపుకున్నాడు. ఆ మనిషి పేరు భిక్షపతి, వికారాబాద్ వైపు ఒక డిపోలో బస్సు డ్రైవరు. కాదు, డ్రైవరుగా ఉండేవాడు. ఆ తేడా ఎంత పెద్దదో నాకు తరువాత తెలిసింది.

ఆ ఏడు డ్రైవర్లందరికీ వైద్య పరీక్షలు జరిగాయి. ట్రెడ్‌మిల్ అని ఒక యంత్రం ఉంటుందట. దాని మీద మనిషి నడుస్తూనే ఉంటాడు, ఎక్కడికీ పోడు. పన్నెండు నిమిషాలు నడవవలసినవాడు భిక్షపతి. ఆరో నిమిషానికి గుండె కొట్టుకునే తీరు చూసి డాక్టరు యంత్రం ఆపేశాడు. ఆరు నెలలు బస్సు నడపరాదు, తరువాత మళ్ళీ పరీక్ష, అందులోనూ తప్పితే ఇక స్టీరింగ్ లేదు, డిపోలో వేరే పని ఏదైనా ఇస్తారు అన్నారు. అప్పటిదాకా గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే బస్సు నంబరు రాయాలి, పోయే బస్సు నంబరు రాయాలి. ఇరవై రెండేళ్ళు బస్సు తోలిన చేతికి పెన్ను ఇచ్చారు. బిళ్ళలు రాసిచ్చి, బరువు తగ్గమని, రోజూ సైకిలు తొక్కమని, గుండె నిమిషానికి నూట నలభై సార్లకు మించి కొట్టుకోనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. చేతికి పెట్టుకుంటే గుండె లెక్క చూపించే గడియారం ఒకటి కూతురు తెచ్చి ఇచ్చింది. సైకిలుగా నేను వచ్చాను.

మొదటి వారం నాకు ఏమీ అర్థం కాలేదు. ఈయన మలుపు తిప్పేటప్పుడు రోడ్డు అవతలి అంచుదాకా పోయి అప్పుడు తిప్పేవాడు. ఎందుకా అని చాలా ఆలోచించాను. నా వెనకాల ముప్పై అడుగుల బస్సు ఉందని ఆయన చేతులు అనుకుంటున్నాయి. తోక గోడకు తగలకూడదు కదా! ఊరు కనపడితే నెమ్మదించేవాడు. బస్సు షెల్టరు కనపడితే ఎడమవైపు ఒరిగి ఆగేవాడు. ఎవరూ ఎక్కరు, ఎవరూ దిగరు. ఒక కాలు నేల మీద పెట్టి కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి చూసి, నిట్టూర్చి మళ్ళీ తొక్కేవాడు. ఆ నిట్టూర్పు దేనికో మొగులమ్మ వచ్చాక తెలిసింది.

మొగులమ్మ ఆ డిపోలోనే కండక్టరు. భిక్షపతి బస్సులో పదకొండేళ్ళు పనిచేసింది. కొండదారి మలుపుల్లో ఏమీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టగల మనిషి. వాళ్ళ బస్సులో గంట తాడు ఎప్పుడో తెగిపోయింది, అందుకని ఎర్రదారం కట్టిన విజిల్ ఆమె మెడలో ఉండేది. ఒక్కసారి ఊదితే ఆగాలి. రెండుసార్లు ఊదితే రైట్, పోవాలి. పదకొండేళ్ళలో ఆమె రైట్ కొట్టకుండా భిక్షపతి బస్సు కదలలేదు, ఆమె ఒక్క విజిల్ వేశాక అడుగు ముందుకు పడలేదు. ఆయన చెవికీ కాలికీ మధ్య ఆ విజిల్ ఒక తీగలా బిగిసిపోయింది. బస్సు పోయినా తీగ పోలేదు. ఆయన షెల్టర్ల దగ్గర ఆగి నిట్టూర్చేది దాని కోసమే.

పోటీ సంగతి తెచ్చింది ఆమే. అనంతగిరి కొండల్లో ఆరు గంటల సైకిల్ పోటీ, ఇద్దరిద్దరు ఒక జట్టు, అని బస్టాండు గోడ మీద కాగితం అంటించారట. డిపో గేటు దగ్గరికి వచ్చి చెప్పింది.

"పోటీకి కాదన్నా, ప్రాక్టీసుకు. ఆరు గంటలు తొక్కుడంట. నీళ్ళిస్తరంట, అరటిపండ్లిస్తరంట, డాక్టరుంటడంట, ఎనకనే అంబులెన్స్ ఉంటదంట. గిసోంటి ప్రాక్టీసు మనకు ఇంకెక్కడ దొరుకుతది?"

"పోటీ అయినంక పరీక్షకు పదకొండు రోజులే మిగుల్తయి చెల్లె. మధ్యల ఇదేంది?"

"అందుకే అంటున్న. ఆరు గంటలు తొక్కినోడికి పన్నెండు నిమిషాలెంత? మనకు గెల్సుడు లేదు, ఓడుడు లేదు. నీ గుండె నూట నలభై దాటొద్దు, గంతే."

ఇక్కడినుంచి నా బుర్ర తిరగడం మొదలైంది. పోటీకి పోతానన్న శ్రీకర్ ఏ పోటీకీ పోలేదు. పోటీకి కాదంటున్న వీళ్ళు పోటీకి పోతున్నారు. ప్రాక్టీసు అంటే పోటీ కోసం చేసేది కదా, మరి పోటీయే ప్రాక్టీసైతే అసలు పోటీ ఏది? కదలని యంత్రం మీద పన్నెండు నిమిషాలు నడవడమట! కొండలన్నీ ఎక్కేది గదిలో ఒకచోట నిలబడడానికి. మనుషులు గుర్రాన్ని బండి వెనక కడతారని విన్నాను గానీ చూడడం అదే.

పోటీనాడు పొద్దున ఆరింటికి నా హ్యాండిల్‌కు నలభై ఏడో నంబరు పలక కట్టారు. అదే నంబరు మొగులమ్మ తెచ్చిన పచ్చ సైకిలుకు కూడా. అది ఆమె కొడుకు కాలేజీకి తొక్కేది, నా జాతిదే, గేర్లు తక్కువ. చుట్టూ కుర్రవాళ్ళు, అమ్మాయిలు, మెరిసే హెల్మెట్లు, తొడలకు అతుక్కున్న నిక్కర్లు. మావాడు డిపో ఖాకీ ప్యాంటు పాదాల దగ్గర రబ్బరుబ్యాండు వేసుకుని వచ్చాడు. ఆమె పంజాబీ డ్రెస్సు మీద ఖాకీ చొక్కా, మెడలో విజిల్. వీళ్ళను చూసి ఎవరో నిర్వాహకులేమో అనుకుని, టాయిలెట్ ఎటువైపని అడిగారు. మొగులమ్మ దారి చూపించింది.

నియమం ఏమిటంటే, ఎనిమిది కిలోమీటర్ల చుట్టు. సగం దూరంలో కొండ మీద ఒక చెక్‌పోస్టు. అక్కడ జట్టులో ఇద్దరూ కలిసి కనపడితేనే కాగితం మీద టిక్కు పెడతారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు సైరన్ మోగుతుంది. ఆలోగా పూర్తయిన చుట్లే లెక్క. మావాళ్ళకు ఇంకో నియమం కూడా ఉంది. ఆయన ముందు, ఆమె వెనక, బస్సులో లాగానే. మధ్యమధ్య ఆమె టికెట్ అడిగినట్టు, "ఎంతన్నా?" అని అడుగుతుంది. ఆయన గడియారం చూసి, "నూట ఇరవై ఎనిమిది" అంటాడు. నూట నలభై వస్తే ఒక్క విజిల్. ఆగాలి. తగ్గాక రెండు విజిల్స్. పోవాలి.

అంతా బాగానే ఉంది గానీ, విజిల్ ఒక్క మొగులమ్మ దగ్గరే ఉండదని ఇద్దరిలో ఒక్కరూ అనుకోలేదు. ప్రమాదకరమైన మలుపుల దగ్గర నిలబెట్టిన వాలంటీర్ల అందరి దగ్గరా విజిల్స్ ఉన్నాయి. మొదటి దిగుడులో ఒక పిల్ల, ఎవరో దారికి అడ్డం వచ్చారని గట్టిగా ఒక్కసారి ఊదింది. అంతే, భిక్షపతి నా రెండు బ్రేకులూ నొక్కేశాడు. నేను రాళ్ళ మీద జారుతూ ఆగాను. వెనకవాడు నన్ను తప్పించబోయి టేకు చెట్ల మధ్యకు పోయాడు. వాడి వెనకవాడు అరిచాడు. "మనది కాదన్నా, పో పో" అంటోంది మొగులమ్మ. ఆయన పోడు. విజిల్ వేశాక నోటిమాట పనిచేయదు. ఆమె రెండు విజిల్స్ వేస్తే కదిలాడు. ఆ రెండు విజిల్స్ విని ముందున్న వాలంటీరు అంబులెన్స్‌ను పిలిచాడు. అంబులెన్స్ ఎవరి కోసం వచ్చిందో తెలియక దాన్ని చూడడానికి ఇంకో నలుగురు ఆగారు. ఇలా ఒక చుట్టులో మేము ఏడుసార్లు ఆగాము. పచ్చ సైకిలు నా వెనకనుంచి కిర్రుకిర్రుమంటూ ఏదో అడుగుతోంది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

రెండో చుట్టుకు మొగులమ్మ మూడు విజిల్స్ పెట్టింది. మూడు ఊదితేనే ఆగాలి, మిగతావి మనవి కావు అంది. భిక్షపతి తల ఊపాడు గానీ, తల ఒప్పుకున్నది కాలు ఒప్పుకోదు. ఒక్క విజిల్‌కు నెమ్మదించడం మానలేదు. చివరికి ఆమే ప్రతి మలుపు దగ్గరా ముందుగా కేకవేసి, "పిల్లా, మేం పోయేదాక ఊదకు బిడ్డా" అని చెప్పుకుంటూ వచ్చింది. వాళ్ళు నవ్వి ఊదడం మానేశారు. మావాళ్ళు మళ్ళీ పాత ఒక్క విజిల్‌కే వచ్చారు.

ఆ తరువాత నాకు సుఖమైన మూడు గంటలు. చిన్నప్పుడు పెట్టెలో కట్టి పెట్టినవాళ్ళు దేనికోసం నన్ను చేశారో అది చేశాను. ఎర్రమట్టి దారి, ఎండిన వాగులు, గులకరాళ్ళు, టేకు ఆకుల మీద చక్రాల చప్పుడు. కుర్రాళ్ళు మొదటి గంటలో గాలిలా పోయారు. మూడో గంటకు ఒకడు చెట్టుకింద కూర్చుని వాంతి చేసుకుంటున్నాడు, ఇంకొకడికి చైను తెగింది, ఒక జట్టు తమలో తాము పోట్లాడుకుని ఇంటికి పోయింది. మావాళ్ళు మాత్రం పల్లెవెలుగు బస్సులా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, పోతూనే ఉన్నారు. చెక్‌పోస్టు దగ్గర మొగులమ్మ అలవాటు కొద్దీ తలకాయలు లెక్కపెట్టేది. "ముందట నలుగురు, ఎనక పదారు" అనేది. ఎవరూ అడగలేదు, అయినా చెప్పేది.

అయిదో చుట్టు ముగిసేసరికి పదకొండు దాటింది. కింద మైకు పట్టుకున్నవాడు జట్ల వరస చదువుతున్నాడు. ఆడా మగా కలిసిన జట్లలో మూడో స్థానం అని చెప్పి, కాగితం చూసి, "నంబర్ నలభై ఏడు, కండక్టర్ మొగులమ్మ, డ్రైవర్ భిక్షపతి" అన్నాడు.

నేను చక్రాల మీద నిలబడేదాన్ని, నాకు గుండె లేదు. కానీ ఆయన అరచేతులు నా హ్యాండిల్ మీద ఉన్నాయి. గడియారం కంటే ముందు నాకు తెలుస్తుంది ఆ గుండె. ఆ మాట వినగానే అది ఒక్కసారి తన్నింది. ఆరు నెలలుగా ఆయనను ఎవరూ డ్రైవర్ అనలేదు. గేటుకాడి భిక్షపతి అన్నారు, నంబర్లాయన అన్నారు. మైకులో, అంతమంది ముందు, డ్రైవర్ అన్నారు. నాకూ సంతోషమేసింది. అందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆరో చుట్టులో ఆయన మారిపోయాడు. చొక్కా చెయ్యి కిందికి లాగి గడియారం మీద కప్పాడు. నా గేరు ఒకటి పెంచాడు. వెనకనుంచి, "ఎంతన్నా?" అని వినపడింది.

"నూట ముప్పై రెండు" అన్నాడు. చూడకుండానే.

నా హ్యాండిల్ మీద నూట యాభై కొట్టుకుంటోంది. నేను ఆగిపోవాలా? ముందుకు పోవాలా? నన్ను చేసింది కొండ ఎక్కడానికి. కొండ ఎదురుగా ఉంది, కాళ్ళు బలంగా తొక్కుతున్నాయి, టైర్లలో గాలి ఉంది. అటువైపు ఆ చప్పుడు. నోరుంటే చెప్పేదాన్నేమో. ఏం చెప్పేదాన్నో మాత్రం తెలియదు.

రాళ్ళ ఎక్కుడు మొదలైంది. చుట్టులో అన్నిటికంటే నిట్టనిలువుగా ఉండేది అదే. "ఎంత?" అని మళ్ళీ అడిగింది. ఈసారి అన్నా అనలేదు.

"నూట ముప్పై ఎనిమిది."

ఆ మాట పలకడానికి ఆయన మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు. పదకొండేళ్ళు ఆయన వీపు చూస్తూ పనిచేసిన మనిషికి ఊపిరి లెక్క తెలియదా? ఒక్క విజిల్ వినపడింది. అది ఆమెదే, వాలంటీర్లది కాదు. ఆయన వేళ్ళు బ్రేకుల మీదికి వచ్చాయి. నేను ఆగడానికి సిద్ధమయ్యాను. వేళ్ళు వెనక్కి పోయాయి.

ఇంకోసారి విజిల్. ఇంకోసారి. మూడోసారికి వేళ్ళు బ్రేకుల దగ్గరికి కూడా రాలేదు. రాళ్ళ మీద ఎగిరిపడుతూ పైకి పోతూనే ఉన్నాము. అంత వేగంగా నేను ఎన్నడూ ఎక్కలేదు. గర్వపడాలో భయపడాలో తెలియని స్థితి అది.

చెక్‌పోస్టు దగ్గర ఆగి చూస్తే వెనక ఎవరూ లేరు. కాగితం పట్టుకున్న కుర్రాడు, "అంకుల్, మీ పార్ట్‌నర్ రావాలి" అన్నాడు. భిక్షపతి రొప్పుతూ నా మీద వాలి నిలబడ్డాడు. ఆ రొప్పు తగ్గకముందే మొగులమ్మ వచ్చింది, పచ్చ సైకిలును నడిపించుకుంటూ. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించిందేమో, చెయ్యి చెమటపట్టింది.

"పా చెల్లె. మూడో ప్లేసుల ఉన్నం. దిగుడే ఇంక."

"గడియారం సూపెట్టు."

చొక్కా చెయ్యి పైకి జరిపాడు. నూట అరవై ఒకటి. ఆమె అది చూసింది, చూసి పక్కకు పోయి ఒక బండమీద కూర్చుంది. మెడలోని విజిల్ తీసి ఎర్రదారం చుట్టి ఖాకీ జేబులో పెట్టుకుంది.

"నేను కొత్తగ చేరినప్పుడు వేరే డ్రైవర్‌తోని పోతుంటి" అంది. "ఒక ముసలవ్వ దిగుతుండె. ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద. విజిల్ కొట్టిన. ఇన్నడు. ఇనే పోనిచ్చిండు, లేటైతుందని. అవ్వ తుంటి ఇరిగింది. మల్ల లేచి నడవలే. నీతోని పదకొండేండ్లు ఎందుకు చేసిననో ఎర్కనా? ఒక్కపారి గూడ నా విజిల్ దాటలే నువ్వు."

"ఇది సైకిలే గద చెల్లె."

"సైకిల్ మీద ఇననోనివి బస్సు మీద ఇంటవా?"

ఆయన నా హ్యాండిల్‌కున్న నంబరు పలకను సరిచేశాడు.

"డాక్టరు ఏమన్న రాసుకోని. విజిల్ ఇనని బండి నేనెక్క" అంది, నెమ్మదిగానే.

కుర్రాడు ఇద్దరినీ చూసి కాగితం మీద టిక్కు పెట్టాడు. "అంకుల్, టైముంది. కిందికి పావుగంటే. వెళ్ళండి" అన్నాడు. భిక్షపతి నా మీద కూర్చున్నాడు. ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు నేల మీద. నేను ముందుకు ఒరిగాను. ఆయన కదలలేదు.

"ఏమైంది అంకుల్?"

"రైట్ కొట్టలే ఇంకా" అన్నాడు.

పన్నెండుకు ఇంకా పదిహేను నిమిషాలు తక్కువ. అప్పటినుంచి అక్కడ జరిగింది నా బతుకులోకెల్లా వింత. చైను తెగలేదు, టైరు పగలలేదు, దారి ఖాళీగా ఉంది, దిగుడు నున్నగా ఉంది. మూడో స్థానం కిందనే ఉంది. అయినా మేము నిలబడ్డాము. నాలుగో స్థానం జట్టు వచ్చింది, టిక్కు పెట్టించుకుంది, మావాళ్ళను అనుమానంగా చూసింది, పోయింది. అయిదోది వచ్చి పోయింది. మొగులమ్మ అరటిపండు తిన్నది, నీళ్ళు తాగింది, చెట్లవైపు తిరిగి కూర్చుంది. ఆయన ఆమెను పిలవలేదు, బతిమాలలేదు, క్షమించమనలేదు. ఎండలో ఒంటికాలి మీద అలా నిలబడ్డాడు, అంతే. ఆయన చేతుల్లో గుండె నూట అరవై నుంచి నూట ఇరవైకి వచ్చింది, తొంభైకి వచ్చింది, ఇంకా కిందికి వచ్చింది. ఒళ్ళు పందెం మానేసింది. కళ్ళల్లో మాత్రం నీళ్ళున్నాయి, అవి చెమటని నేను మొదట అనుకున్నాను.

పన్నెండున్నరకు కిందనుంచి సైరన్ వినపడింది. మొగులమ్మ లేచి పచ్చ సైకిలు ఎక్కి, మొదటిసారి ఆయన కంటే ముందు, దిగిపోయింది. విజిల్ జేబులోనే ఉంది. మేము వెనకాల పోయాము. అయిదు చుట్లే లెక్కకు వచ్చాయి. పాల్గొన్నవాళ్ళకు ఇచ్చే రేకు బిళ్ళ ఒకటి భిక్షపతి నా హ్యాండిల్‌కు తగిలించాడు. దారి పొడుగునా అది నా గొట్టానికి కొట్టుకుని టింగుటింగుమంది. నాకు గంట లేని లోటు అలా తీరింది.

పరీక్షకు మిగిలిన పదకొండు రోజులూ భిక్షపతి ఒక్కడే తొక్కాడు. మొగులమ్మ గేటు దగ్గర రోజుకు నాలుగుసార్లు కనపడేది, కొత్త డ్రైవరు బస్సులో. ఆయన నంబరు రాసేవాడు, ఆమె ఇటు చూసేది కాదు. సాయంత్రం నన్ను తీసుకుని రోడ్డెక్కితే, గడియారం నూట నలభై చూపగానే ఆగేవాడు. ఎవరూ ఊదకుండానే. కాలు నేల మీద పెట్టి, గుండె దిగినా కదిలేవాడు కాదు. ఇంకాసేపు, ఎవరో రైట్ కొట్టాలన్నట్టు నిలబడేవాడు. పదకొండు రోజుల్లో నేను కదిలినంతసేపు ఎంతో నిలబడినంతసేపూ అంతే. ప్రాక్టీసు అంటే ఇదేనా అని మళ్ళీ తికమక పడ్డాను.

పరీక్షనాడు నన్ను ఆసుపత్రి సైకిల్ స్టాండులో వదిలి లోపలికి పోయాడు. తిరిగి వచ్చి నా హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే, ఆ చేతిలో గుండె చక్కగా, తీరుబాటుగా కొట్టుకుంటోంది. కూతురికి ఫోను చేసి, "పన్నెండు నిమిషాలు నడిచిన బిడ్డా. ఫిట్ ఇచ్చిండ్రు" అన్నాడు. తరువాత ఇంకో నంబరు వెతికి, దాని మీద వేలు పెట్టి, ఊరికే ఫోను జేబులో పెట్టుకున్నాడు. గెలిచినవాడు అంత దిగులుగా ఇంటికి పోవడం నేను ఎక్కడా వినలేదు.

డ్యూటీ మొదటిరోజు తెల్లవారి ఆరింటికి నన్ను డిపో షెడ్డులో గొలుసుతో కట్టేశాడు. పక్కనే పొట్టి గోడ, గోడకవతల బస్టాండు. నాకు అంతా కనపడుతుంది. పాత రూటు, పాత బస్సు. స్టీరింగ్‌కు దండం పెట్టుకుని కూర్చున్నాడు. ఇంజను స్టార్ట్ చేశాడు. జనం ఎక్కారు. కండక్టరు లేదు. ఎవరిని వేశారో ఆయనకు తెలియదు. మొగులమ్మ వేరే రూటు అడిగిందని గేటు దగ్గర అనుకోవడం ఆయనా విన్నాడు, నేనూ విన్నాను. ఆరుంబావు అయింది. "ఏందయ్యా, పోదామా లేదా?" అని కిటికీలోంచి ఎవరో గొణిగారు. ఆయన వెనక్కి తిరగలేదు. అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు.

మొగులమ్మ వచ్చింది. టికెట్ మిషన్ భుజాన ఉంది, విజిల్ మెడలో ఉంది. తలుపు దగ్గర కాసేపు ఆగింది. తరువాత ఎక్కింది. రెండు విజిల్స్ వినపడ్డాయి. బస్సు కదిలింది. పది గజాలు పోయిందో లేదో ఒక్క విజిల్. బస్సు నిలువునా ఆగింది. నిలబడినవాళ్ళు ఒకరిమీద ఒకరు పడ్డారు. రెండు విజిల్స్. కదిలింది. ఒక్క విజిల్. ఆగింది. "పొద్దుపొద్దున్నే ఇదేం లొల్లి?" అని లోపల అరుస్తున్నారు. మూడోసారీ అంతే, రెండు విజిల్స్, పది గజాలు, ఒక్క విజిల్. ఈసారి బస్సు ఆగిన చోటే చాలాసేపు ఉంచింది. ఆయన చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి. వాటి కింద నేను లేను గనుక గుండె ఎంతో నాకు తెలియదు.

"బస్సు మీద ఇంటున్నవ్" అన్నది మొగులమ్మ గొంతు, బస్సంతా వినపడేలా.

"ఇంటున్న చెల్లె" అన్నాడాయన.

రెండు విజిల్స్. బస్సు గేటు దాటి, అవతలి అంచుదాకా పోయి వెడల్పుగా మలుపు తిరిగి, తోక గోడకు తగలకుండా వెళ్ళిపోయింది.

అది జరిగి ఏడాది కావస్తోంది. నేను ఇక్కడే ఉన్నాను. మొదట్లో ఆదివారాలు తొక్కేవాడు, తరువాత ఆదివారాలు కూడా డ్యూటీ పడింది. నా వెనక చక్రం పుల్లల మధ్య సాలీడు గూడు కట్టింది. చైను మీద తుప్పు సన్నగా మొదలైంది. రేకు బిళ్ళ ఇంకా హ్యాండిల్‌కే ఉంది. నామీద ఆయనకు కోపం లేదని తెలుసు, పొద్దున పోతూ సీటు మీద ఒకసారి చెయ్యి వేసి పోతాడు. అయినా నాకు కొన్ని సంగతులు తెగలేదు. మేము ఆ పోటీలో ఓడామా? ఓడితే స్టీరింగ్ ఎలా వచ్చింది? గెలిస్తే నేనెందుకు గొలుసుకు ఉన్నాను? ఎవరిని అడగాలో తెలియదు.

రోజూ ఆరుంబావుకు గోడ అవతల రెండు విజిల్స్ వినపడతాయి. నా రెండు చక్రాలూ ముందుకు ఒరుగుతాయి, గొలుసు బిగుసుకుంటుంది. బస్సు వెళ్ళిపోతుంది. అది నాకు కాదని అప్పుడు గుర్తొస్తుంది. నాకింకా ఎవరూ రైట్ కొట్టలేదు.